ఇంటి మాటలు: కుక్కకు నొప్పి వస్తే

మహాభారతం అనగానే అందరికీ యుద్ధం గుర్తుకు వస్తుంది. ఆదిపర్వం తీసి చదివితే మాత్రం మొదట్లోనే వినిపించేది ఒక కుక్కపిల్ల ఏడుపు. జనమేజయ మహారాజు కురుక్షేత్రంలో యాగం చేస్తూ వుండగా సరమ అనే దేవతల కుక్క కొడుకు అక్కడికి వచ్చాడు. రాజుగారి తమ్ములు దానిని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరకు పోయింది. తన బిడ్డ హవిస్సు వైపు కన్నెత్తి అయినా చూడలేదే, నాలుక తాకించలేదే, ఎందుకు కొట్టారని ఆ తల్లి వచ్చి అడిగితే అంతటి సభలో ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు. ఇక కథ చివర మహాప్రస్థానంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్న సంగతి పిల్లలకు కూడా తెలిసినదే.

మన నాందేడ్ జిల్లాలో వున్నవారికి ఈ విషయం మరింత దగ్గర. మాహూరు కొండమీద దత్తాత్రేయస్వామిని దర్శించని కుటుంబం మనలో అరుదు. ఆ స్వామి పాదాల చెంత వుండే నాలుగు కుక్కలు నాలుగు వేదాలని పెద్దలు చెబుతారు. లోహా తాలూకా మాలేగావ్ జాతరలో మరాఠీవారు కొలిచే ఖండోబా, మనవాళ్లు కొలిచే మల్లన్న ఒక్కరే. ఆ దేవుని పటంలోనూ గుర్రం పక్కన కుక్క వుంటుంది. పటంలో వున్న కుక్కకు దండం పెట్టడం మనకు తెలుసు. మన గడపలో పడుకున్న కుక్క రాత్రిపూట మూలుగుతూ వుంటే ఏమి చేయాలన్నది మాత్రం మనలో చాలమందికి తెలియదు. ఈ నెల ఆ ముచ్చటే.

మేము పశువైద్యులము కాము, ఆఫీసులో ఫైళ్లు చూసుకునే గుమాస్తాలము. కాని మా ఇంట్లో కుక్క లేని రోజు లేదు. దవాఖానాలో డాక్టర్లను అడిగి, చదివి, తెలుసుకున్నంత మటుకు ఇక్కడ వ్రాస్తున్నాము.

అసలు మొదటి చిక్కు నొప్పిని గుర్తుపట్టడంలోనే వున్నది. కుక్క అరిస్తేనే నొప్పి వున్నదని, అరవకపోతే లేదని మనం అనుకుంటాము. పాత నొప్పి వున్న కుక్కలు సాధారణంగా అరవవు. అవి నెమ్మదిగా మారిపోతాయి. గేటు చప్పుడుకు పరుగెత్తేది తల మాత్రమే ఎత్తి చూస్తుంది. మెట్ల దగ్గర ఆగి ఆలోచిస్తుంది. పడుకుని లేచేటప్పుడు నాలుగు అడుగులు బిర్రుగా వేసి తరువాత సర్దుకుంటుంది. ఒకే కీలును గంటల తరబడి నాకుతుంది. ఎండ లేకపోయినా రొప్పుతుంది. మూల వెతుక్కుని పడుకుంటుంది. ముట్టుకుంటే ఎన్నడూ లేనిది గుర్రుమంటుంది. ముందుకాళ్లు చాపి రొమ్ము నేలకు ఆనించి, వెనుకభాగం ఎత్తి అదే పనిగా వుంటే కడుపులో నొప్పి అయివుండవచ్చు. 'ముసలిదయింది, అందుకే మెత్తబడింది' అని మనం అనుకునే మెతకదనంలో సగం నొప్పే.

నోరు లేనిదానికి నొప్పి ఏమి తెలుస్తుంది అనేవారు ఇంకా వున్నారు. నొప్పిని గురించి పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పికి నిర్వచనాన్ని సవరించినప్పుడు, మాటలతో చెప్పలేకపోవడం నొప్పి లేదనడానికి రుజువు కాదని స్పష్టంగా చేర్చింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంవారు కుక్క నిలబడే తీరు, నడిచే తీరు, గాయం దగ్గర తాకితే చూపే స్పందన చూసి నొప్పికి మార్కులు వేసే పట్టిక ఒకటి తయారుచేశారు. ఆపరేషను అయిన కుక్కలకు మందు ఇంకా కావాలో వద్దో చూడడానికి దానిని వైద్యులు వాడుతున్నారు.

ఇప్పుడు మా వీధిలో జరిగిన ఒక సంగతి చెప్పవలసివున్నది. పేర్లు అవసరం లేదు. నాలుగు తరాల కిందట నిజామాబాదు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆ యింట మోతి అనే కుక్క వుండేది. పదేళ్లు దాటింది. చలికాలం రాగానే దానికి వెనుక కాళ్లు పట్టేశాయి. ఇంటి పెద్దాయనకు కూడా మోకాళ్ల నొప్పులు. డాక్టరు వ్రాసిన గోలీలు రోజూ వేసుకుంటాడు. ఆయనకు మోతి అంటే ప్రాణం. అది మెట్టు ఎక్కలేక నిలబడిపోతే చూడలేక, 'నా మోకాలు సల్లపడ్డది గదా, దానిది గూడ సల్లపడ్తది' అని తన గోలీ ఒకటి పావులో పెట్టి తినిపించాడు. మరునాడు మోతి లేచి తిరిగింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. రోజుకొకటి చొప్పున ఇచ్చారు. మూడవ రోజు అది అన్నం ముట్టలేదు. నాలుగవ రోజు కాఫీపొడి రంగు వాంతి, తారు వంటి నల్లని విరేచనం. ఐదవ రోజు ఆటోలో వేసుకుని దవాఖానాకు తీసుకుపోతే డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, ఇంట్లో ఎవరి మందులైనా తిన్నదా అని. సెలైను పెట్టారు, ఇంజక్షన్లు ఇచ్చారు. కడుపులో పుండ్లు పడి మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి. ఏడవ రోజు పోయింది.

ఆ యింట తొమ్మిదేళ్ల మనుమడు వున్నాడు. వాడు తాతను ఒకటే అడిగాడు: 'తాతా, నీ గోలీ నీకు మంచిదే గదా, మోతికెందుకు కాలేదు?' పెద్దాయన జవాబు చెప్పలేక మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. ఆయన చేసినది ప్రేమతోనే చేశాడు, అందులో సందేహం లేదు. పిల్లవాని ప్రశ్న కూడా సరైన ప్రశ్నే. ఏ ఇంట్లోనైనా రేపు రాగల ప్రశ్న కాబట్టి జవాబు వివరంగా చెప్పుకుందాము.

మన ఒంట్లో గాయమో వాపో అయినచోట ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు పుడతాయి. నొప్పి, వాపు, జ్వరం వాటివల్ల పెరుగుతాయి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి గోలీలు ఆ పదార్థాలు పుట్టకుండా ఆపుతాయి. ఈ కిటుకును 1971లో జాన్ వేన్ అనే శాస్త్రజ్ఞుడు బయటపెట్టాడు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఐతే అవే పదార్థాలకు ఒంట్లో మంచి పని కూడా వున్నది. కడుపులోని ఆమ్లం కడుపు గోడను తినకుండా కాపాడేవి అవే. మూత్రపిండాలకు రక్తం సరిగా అందేటట్టు చూసేవీ అవే. గోలీ నొప్పిని ఆపినప్పుడు ఈ కాపలాను కూడా ఆపుతుంది. మనిషి ఒంట్లో ఆ మందు కొన్ని గంటలలో చాలమటుకు బయటికి పోతుంది. కుక్క ఒంట్లో ఇటువంటి మందులు కొన్ని పిత్తంతో పేగులలోకి వచ్చి, మళ్లీ రక్తంలో కలసి, చాలసేపు తిరుగుతూనే వుంటాయి. మొదటిరోజు మందు పూర్తిగా పోకముందే రెండవరోజు మందు వచ్చి చేరుతుంది. మొదటి రెండు రోజులు కుక్క లేచి తిరగడం, తరువాత కూలబడడం ఇందువల్లనే.

తూకం సంగతి ఇంకొకటి. డెబ్బై కిలోల మనిషి కోసం చేసిన గోలీ పది కిలోల కుక్కకు సగం చేసినా ఎక్కువే. పది కిలోల కుక్కకు 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ గోలీ ఒక్కటి చాలు, కడుపులో పుండ్లు పడడానికి. పశువైద్యులు కుక్కలకు నిజంగానే వాడే మెలాక్సికామ్ అనే మందు వున్నది. దానిని రోజూ వాడేటప్పుడు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము లెక్కన వ్రాస్తారు. అంటే పది కిలోల కుక్కకు ఒక్క మిల్లీగ్రాము. మనుషుల మెలాక్సికామ్ గోలీ 7.5, 15 మిల్లీగ్రాములలో వస్తుంది. పేరు ఒకటే కదా అని ఆ పెద్ద గోలీ వేస్తే పదిహేను రోజుల మందు ఒక్క పూటలో వేసినట్టు. అందుకే డాక్టరు కుక్కను త్రాసుమీద నిలబెట్టి, అవసరమైతే రక్తపరీక్ష చేసి, తరువాతనే మందు వ్రాస్తాడు. పారాసిటమాల్ సంగతి కూడా చెప్పాలి. అది పిల్లికి విషమే. ఒక్క గోలీ దాని ప్రాణం తీయగలదు. కుక్కకు కూడా డాక్టరు చెప్పనిదే ఇవ్వరాదు.

డాక్టరు వ్రాసిన మందు అయినా నాలుగు నియమాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, తిండి తిన్న తరువాతనే ఇవ్వాలి. రెండు, తాగడానికి నీరు ఎల్లప్పుడూ అందుబాటులో వుండాలి. వాంతులతోనో విరేచనాలతోనో ఒంట్లో నీరు తగ్గిన కుక్కకు ఆ మందు ఇవ్వరాదు. మూడు, దురదకో అలర్జీకో ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడు మందు వాడుతూ వుంటే ఆ సంగతి తప్పక చెప్పాలి; ఆ రెండూ కలిస్తే కడుపు చిల్లులు పడవచ్చు. నాలుగు, అన్నం మానినా, వాంతి అయినా, మలం నల్లబడినా మందు వెంటనే ఆపి దవాఖానాకు పోవాలి.

జంతువు నొప్పి తీర్చబోయి పెద్ద అనర్థం తెచ్చుకున్న ఉదాహరణ మన దేశంలోనే వున్నది. 1990 తరువాత రైతులు కుంటుతున్న ఎద్దులకు, జబ్బుపడ్డ ఆవులకు చౌకగా దొరికే డైక్లోఫెనాక్ ఇంజక్షను ఇప్పించడం మొదలుపెట్టారు. అదీ జాలితోనే. ఆ మందు ఒంట్లో వుండగా చచ్చిన పశువులను తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోసాగాయి. కారణం ఏమిటో చాలకాలం ఎవరికీ తెలియలేదు. 2004లో పాకిస్తానులో పరిశోధన చేసిన బృందం కారణం డైక్లోఫెనాక్ అని తేల్చింది. 1992 నుంచి 2007 లోపల మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయని లెక్కలు చెబుతున్నవి. 2006లో పశువులకు ఆ మందును ప్రభుత్వం నిషేధించింది. మనుషుల కోసం చేసే పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని 2015లో సీసా 3 మిల్లీలీటర్లకు మించరాదని ఆంక్ష పెట్టింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను కూడా పశువులకు వాడరాదన్నది. రాబందులకు హాని చేయదని తేలిన మందులలో మెలాక్సికామ్ ఒకటి. రాబందులు పోయినచోట కళేబరాలు అట్లే మిగిలి వీధికుక్కలు పెరిగాయని, వాటితో పిచ్చికుక్క కాట్లు కూడా పెరిగాయని పరిశోధకులు అంటున్నారు. ఒక్క ఇంజక్షను ఎక్కడికి పోయి తేలిందో చూడండి.

మరి గోలీ ఇవ్వకపోతే ఇంట్లో మనం చేయగలది ఏమీ లేదా? చాల వున్నది. ముసలి కుక్కకు కీళ్లవాతం వచ్చినప్పుడు సగం వైద్యం ఇంట్లోనే జరుగుతుందని చెప్పవచ్చు.

మొదటిది పడక. మన ఇళ్లలో షాబాదు బండలో, నున్నని టైల్సో వుంటాయి. చలికాలంలో ఆ బండమీద పడుకున్న కీళ్లు తెల్లవారేసరికి బిగుసుకుపోతాయి. మరాఠీవారు గోధడి అంటారు, మనం బొంత అంటాము; పాత చీరలతో కుట్టిన బొంతలు రెండుమూడు కలిపి నాలుగు వేళ్ల మందం చేసి గాలి తగలని మూల వేయండి. దానికన్న మంచి పడక దుకాణంలో దొరకదు. వారానికొకసారి ఎండలో వేయాలి.

రెండవది నేల. నున్నని నేలమీద కాలు జారుతుందన్న భయంతోనే ముసలి కుక్క లేవదు. అది నడిచే దారిలో గోనెపట్టాలు పరచండి. గోళ్లు పెరిగితే కాలు సరిగా ఆనదు, కత్తిరించాలి. పాదం కింద వేళ్ల నడుమ పెరిగిన వెంట్రుకలు కూడా తీయాలి. గడప ముందు రెండు మూడు మెట్లు వుంటే ఒక పలకకు గోనెపట్టా మేకులతో బిగించి వాలుగా వేస్తే చాలు. మా ఇంట అట్లాగే వేశాము. వడ్రంగికి అరపూట పని.

మూడవది నడక. నొప్పి వున్నదని పూర్తిగా పడుకోబెడితే కండ కరిగిపోయి కీలుకు మరింత బరువు పడుతుంది. ఆదివారంనాడు రెండు మైళ్లు తిప్పి వారమంతా కట్టివేయడం ఇంకా చెడ్డది. రోజుకు రెండుసార్లు, పది పదిహేను నిమిషాలు, ఒకే తీరున నడిపించండి. మన వూళ్లో మే నెల ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి. తారు రోడ్డుమీద అరచేతి వెనుకభాగం ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా వుంచగలిగితేనే కుక్కను ఆ రోడ్డుమీద నడిపించాలి.

నాలుగవది కాపడం. ఇందులో వేడికీ చల్లకూ తేడా తెలియాలి. కొత్తగా దెబ్బ తగిలి వాచినచోట మొదటి రెండు మూడు రోజులు చల్లటి కాపడం పెట్టాలి. మంచుముక్కలు గుడ్డలో చుట్టి పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. మంచు నేరుగా చర్మానికి తగలకూడదు. పాత కీళ్లనొప్పికి, ఉదయపు బిగుసుదనానికి గోరువెచ్చని కాపడం మంచిది. వేడినీటి సంచిని ముందు మన మణికట్టుమీద పెట్టుకుని చూసి, తువ్వాలు చుట్టి, పది పదిహేను నిమిషాలు పెట్టాలి. కుక్క తప్పించుకుపోవాలనుకుంటే పోనివ్వాలి. కాపడం తరువాత తొడ కండలను అరచేతితో మెల్లగా నిమరవచ్చు. ఎముక విరిగిందని అనుమానం వుంటే నిమరడం, లాగడం ఏమీ చేయకూడదు. దుప్పటి మీదనో పలక మీదనో ఎత్తి తీసుకుపోవాలి.

ఐదవది బరువు. మనవాళ్లకు ఇది చెబితే కోపం వస్తుంది. ఇంటికి వచ్చినవారందరూ బిస్కట్టు వేస్తారు, పండగకు జిలేబీ వేస్తారు. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కలను జోడీలుగా విడదీసి, జోడీలో ఒకదానికి నాలుగోవంతు తిండి తక్కువ పెట్టి బ్రతికినంతకాలం చూశారు. 2002లో ఫలితాలు అచ్చయ్యాయి. తక్కువ తిన్నవి సగటున 13 ఏళ్లు బ్రతికాయి, ఎక్కువ తిన్నవి 11 ఏళ్ల చిల్లర. తక్కువ తిన్నవాటికి కీళ్లవాతం కూడా ఆలస్యంగా వచ్చింది. బరువెక్కువై కుంటుతున్న కుక్క ఒంటి బరువులో నూటికి ఆరు వంతులు తగ్గినా కుంటు తగ్గినట్టు మరొక పరిశోధనలో తేలింది. ఇరవై కిలోల కుక్కకు అది కిలోంబావు కన్నా తక్కువే. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కొట్టవచ్చినట్టు కనబడకూడదు. అంతే కొలత.

ఇక చేయకూడనివి. మనుషుల నొప్పిబామ్ కుక్కకు రాయరాదు. మన తెలుగువారికి బామ్ అంటే అభిమానం వుండడం సహజం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో ఈ రాష్ట్రంలోనే, బొంబాయిలో, అమృతాంజనం స్థాపించారు. మన తలనొప్పికి అది మంచిదే. కాని సాధారణంగా ఇటువంటి బామ్‌లలో కర్పూరం, పుదీనాపువ్వు, ఆస్పిరిన్ జాతికి చెందిన నూనె వుంటాయి. కుక్క రాసినచోట నాకుతుంది, అది కడుపులోకి పోతుంది. గాయాలమీద కిరసనాయిలు పోయడం, కుంటే కాలికి కాల్చిన ఇనుముతో వాత పెట్టడం పల్లెల్లో ఇంకా అక్కడక్కడ వున్నది. వాతవల్ల నొప్పి పోదు; రెండవ నొప్పి వస్తుంది. ఉల్లి, వెల్లుల్లి వాతహరమని కూరలో కలిపి పెట్టేవారున్నారు. అవి కుక్క రక్తకణాలను చెడగొడతాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్టు పెట్టరాదు. పంచదార లేదని వ్రాసిన కొన్ని మిఠాయిలలోను, మనుషుల సిరప్‌లలోను జైలిటాల్ అనే తీపి పదార్థం వుంటుంది. అది కుక్కకు ప్రాణాపాయం. పసుపు గాయం పక్కన రాసినందువల్ల పెద్ద నష్టం లేదు గాని, పసుపు తినిపిస్తే కీళ్లనొప్పి పోతుందనుకుని డాక్టరు దగ్గరకు పోవడం మానకూడదు.

మరొకటి మరచిపోరాదు. కుంటే ప్రతి కుక్కకూ కీళ్లవాతమే అనుకోకూడదు. మన ప్రాంతంలో గోమార్ల జ్వరం ఎక్కువ. గోమారు కుట్టినందువల్ల రక్తంలో క్రిములు చేరి జ్వరం, కీళ్లనొప్పులు, ముక్కువెంట రక్తం వస్తాయి. దానికి వేరే మందు వున్నది, త్వరగా ఇస్తే నయమవుతుంది. నొప్పి మందు వేసి కూర్చుంటే జబ్బు లోపల ముదురుతుంది. కుక్క సహజ వేడిమి ఫారన్‌హీటులో 101 నుంచి 102.5 వరకు, మనకన్న ఎక్కువే కాబట్టి చేయి పెట్టి జ్వరమని తేల్చడం కుదరదు.

నొప్పిలో వున్న కుక్క ఎంత మంచిదైనా కరవవచ్చు. పిల్లలను దానిమీద పడి కౌగలించుకోనివ్వరాదు. ఎత్తి తీసుకుపోవలసివస్తే మెత్తని గుడ్డపట్టీ మూతికి వదులుగా కట్టవచ్చు. వాంతి అవుతున్నా, ఊపిరి ఆడకపోతున్నా కట్టరాదు. కరిస్తే, మన ఇంటి కుక్కే కదా అని ఊరుకోక, సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి పోవాలి. పిచ్చికుక్క జబ్బు లక్షణాలు బయటపడ్డ తరువాత ఇక మందు లేనట్టే.

వెంటనే డాక్టరు చూడవలసినవి ఇవి: బండి గుద్దినప్పుడు, పొట్ట ఉబ్బి వాంతి రాక ఓకిళ్లు వస్తున్నప్పుడు, మూత్రం బిగించినప్పుడు, వెనుక కాళ్లు చచ్చుబడినప్పుడు, చిగుళ్లు తెల్లబడినప్పుడు, మూర్ఛ వచ్చినప్పుడు, పాము కరిచినప్పుడు. రాత్రి అయినా ఆగకూడదు. మన జిల్లా పశుదవాఖానా కాక, పరభణిలోను ఉద్గీర్‌లోను పశువైద్య కళాశాలలు వున్నవి. క్లిష్టమైన కేసులను అక్కడికి పంపుతారు. హైదరాబాదులో బంధువులు వున్నవారికి రాజేంద్రనగర్ కళాశాల తెలిసినదే.

ఇక్కడ ఒక మాట వినబడుతుంది. మనుషుల మందులకే డబ్బు చాలడం లేదు, కుక్కకు డాక్టరా అని. మాదీ జీతం లెక్కపెట్టి బ్రతికే బ్రతుకే కాబట్టి ఈ మాటను కొట్టిపారేయలేము. ఐనా ఒకటి ఆలోచించండి. పైన చెప్పిన పడక, పట్టా, పలక, నడక, కాపడం, తిండి తగ్గించడం, వీటిలో వేటికీ పెద్ద ఖర్చు లేదు. సర్కారీ పశుదవాఖానా రుసుము స్వల్పమే. మొదటి వారంలో చూపిస్తే తక్కువ మందుతో పోయేది, ఇంటి గోలీలు వేసి నాలుగవ వారంలో చూపిస్తే పదింతలవుతుంది. పది సంవత్సరాలు గడప కాచినదానికి అంతమాత్రం బాకీ మనకు వున్నదనే మేము అనుకుంటాము.

గుమాస్తా అలవాటు కొద్దీ మరొక సలహా చెబుతాము. ఒక పాత నోటుబుక్కు తీసి రోజుకొక వరుస వ్రాయండి. ఈ రోజు తిన్నదా, తనంతట తాను లేచిందా, ఎంత నడిచింది, రాత్రి నిద్ర పోయిందా, మనం రాగానే తోక ఆడించిందా. ఒక్కొక్కదానికి రెండు మార్కులు, మొత్తం పది. నెల తరువాత ఆ పుస్తకం డాక్టరు ముందు పెడితే మందు పనిచేస్తున్నదో లేదో ఆయనకు ఒక్క చూపులో తెలుస్తుంది.

ఆ పుస్తకం ఇంకొక కష్టమైన పనికి కూడా వస్తుంది. అన్నీ చేసినా ఒక రోజు వస్తుంది. మార్కులు మూడుకు దిగి, రెండుకు దిగి, మళ్లీ పైకి రావు. మంచిరోజుల కన్న చెడ్డరోజులు ఎక్కువవుతాయి. అప్పుడు డాక్టరుతో దాని చివరి సంగతి మాట్లాడడం పాపం కాదు. డాక్టరు మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇస్తాడు. కుక్క ముందు నిద్రపోతుంది, ఆ నిద్రలోనే గుండె ఆగుతుంది. ఇందుకు ఒప్పుకోని కుటుంబాలు వుంటాయి, వారి నమ్మకం వారిది. అటువంటివారు కూడా నొప్పి తగ్గించే మందు చివరిదాకా ఇప్పించవచ్చు. ఎటు తేల్చుకున్నా ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుని, పిల్లలకు కూడా నిజం చెప్పి తేల్చుకోవాలి. 'ఊరికి పంపించాము' అని అబద్ధం చెబితే పిల్లలు చాలరోజులు గేటు వైపు చూస్తూనే వుంటారు.

చూడలేమని చెప్పి గోదావరి వంతెన అవతల వదలివచ్చేవారు, విషం కలిపి పెట్టేవారు కూడా లేకపోలేదు. ఆకలికి దప్పికకు మాడేటట్టు జంతువును వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం రావడానికి రాజ్యసభలో మొదట గొంతెత్తినవారు నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్. 1962లో జంతుసంక్షేమ మండలికి ఆమే మొదటి అధ్యక్షురాలు. చట్టం మాట అటుంచి, కళ్లు సరిగా కనబడని ముసలి కుక్క వంతెన అవతల మన అడుగుల చప్పుడు కోసం చెవులు నిక్కించి నిలబడివుండడం ఊహించుకుంటే చాలు.

పాఠక సోదరీసోదరులకు ఒక మనవి. ఈ రోజు రాత్రి మీ ఇంటి కుక్క పడుకున్నచోట చేయి పెట్టి చూడండి. బండ చల్లగా వుంటే ఒక బొంత వేయండి. అది లేచేటప్పుడు రెండు నిమిషాలు నిలబడి ఎట్లా లేస్తున్నదో గమనించండి. మీ ఇంటి మందుల డబ్బా దానికి, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. ఈ విషయమై మీకు తెలిసిన మంచి ఉపాయాలు వుంటే వ్రాసి పంపండి. డాక్టరుకు చూపించి, సరి అన్నవాటిని వచ్చే సంచికలలో ప్రకటిస్తాము.